ఆ పిల్ల మాటలు మా ఇంట్లో ఉండేవి

చోడవరం బస్టాండు దగ్గర నాది జెరాక్సు షాపు. షాపు వెనకే ఇల్లు. రెండింటికీ మధ్యనున్న ఇరుకు గదిలో, బియ్యం డ్రమ్ము పక్కన, ఒక పాత కంప్యూటరు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అందులో మాటలుంటాయి. మాటలు రానివాళ్ళ మాటలు.

కొంచెం విడమరిచి చెప్పాలి. నోరు పెగలని పిల్లల కోసం ఎక్కడో కొందరు మంచివాళ్ళు కలిసి ఒక యాప్ తయారుచేశారు. ఫోన్లో బొమ్మలుంటాయి. అన్నం బొమ్మ నొక్కితే ఫోను "ఆకలేస్తంది" అంటుంది. బస్సు బొమ్మ నొక్కితే "ఆపండి, దిగాలి" అంటుంది. ఎవరి యాసలో వాళ్ళు గొంతు రికార్డు చేసి పెట్టుకోవచ్చు. అంతా ఉచితం. ప్రోగ్రామును కూడా దాచుకోకుండా, ఎవరైనా తీసుకుని వాడుకోండని బయటే పెట్టేశారు. కొన్నాళ్ళకి వాళ్ళకి ఓపిక అయిపోయింది. మాటలన్నీ దాచి, బొమ్మ నొక్కినప్పుడల్లా నెట్‌లో ఫోనుకి పంపే తమ కంప్యూటరు ఆపేస్తున్నామని నాలుగు ముక్కలు రాసి వెళ్ళిపోయారు.

వాళ్ళని నేను తిట్టని తిట్టు లేదు. నమ్ముకున్నవాళ్ళని నట్టేట ముంచేసేరని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పిన్ని కూతురు నవ్వింది. "తిడితే ఏటొస్తాదక్కా? ప్రోగ్రాం మన సేతిలోనే ఉంది కదా. మన కంప్యూటర్లో మనవే నడుపుకుందాం" అంది. ఆదివారాలు వచ్చి అన్నీ అమర్చిపెట్టింది. వేరే ఊళ్ళలో ఇలాగే తమ ఇళ్ళలో నడుపుతున్నవాళ్ళు ఉన్నారని తెలిసి వాళ్ళ గ్రూపులో చేరాం. ఒకరికి చిక్కొస్తే ఇంకొకరు దారి చెప్తారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. జీతం లేదు, బత్తెం లేదు.

మా కంప్యూటరు మీద ఆధారపడినవాళ్ళలో నాకు బాగా దగ్గరైంది ఒక పిల్ల. బుచ్చయ్యపేట వైపు ఊరు. వాళ్ళమ్మ చెరుకు తోటల్లో కూలికి వెళ్తుంది. పిల్లకి పదహారో పదిహేడో ఉంటాయి. చెప్పిందంతా వింటుంది, అర్థం చేసుకుంటుంది, నోట్లోంచి మాట మాత్రం రాదు. అక్షరాలూ అబ్బలేదు, బడిలో ఆ పిల్ల పక్కన కూర్చుని నేర్పే తీరిక ఎవరికీ లేకపోయింది. చోడవరంలో కుట్టు నేర్చుకోవడానికి రోజూ బస్సులో ఒక్కతే వచ్చిపోయేది. అలా రాగలిగిందంటే ఆ ఫోను ఉండబట్టే.

మొదట్లో తల్లినే రికార్డు చెయ్యమన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాను సెప్తే నవ్వుతారమ్మా. నువ్వైతే సుబ్బరంగా సెప్తావు" అంది. నేను రెండోసారి అడగలేదు. ఆ పిల్ల ఆకలీ, దాహమూ, నమస్కారమూ అన్నీ నా గొంతులోనే వెళ్ళాయి. "ఏటి మేడం, పొద్దున మీ గొంతు బుచ్చయ్యపేట బస్సులో వినబడింది?" అని బస్టాండులో ఎవరైనా ఆటపట్టిస్తే నాకు ఆ రోజంతా కడుపు నిండినట్టుండేది. కొత్త మాట కావాలంటే తల్లీకూతుళ్ళు మా షాపుకి రావాల్సిందే. వచ్చినప్పుడల్లా ఆనపకాయో, చెరుకు గడలో తెచ్చేవారు. వద్దు వద్దంటూనే తీసుకునేదాన్ని.

వానాకాలం మొదట్లో విశాఖపట్నం నుంచి మా చెల్లి, అదే పిన్ని కూతురు, ఫోన్ చేసింది. "అక్కా, ఆ మాటలన్నీ మన కంప్యూటర్లోనే ఎందుకు? అప్పట్లో ఫోన్లలో చోటు చాలక అలా పెట్టేరు. ఇప్పుడు ఎవలి మాటలు వాళ్ళ ఫోన్లోకే దించియ్యొచ్చు. ఒక్కో ఫోనుకి ఒక పూట పని. నెట్ లేకపోయినా పన్జేస్తాది" అంది. సరే చూద్దాంలే అన్నాను. తర్వాత ఇంకోసారి గుర్తుచేసింది. ఇంటర్మీడియెట్ అప్లికేషన్ల సీజను, తీరిక లేదన్నాను. అది అబద్ధం.

జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానందట. నా జీతం నేను తీసుకుంటూనే ఉన్నాను. ఆ పిల్ల నోరు తెరవాలంటే నా గదిలో లైటు వెలగాలి. ఆ సంగతి నాకు ఇష్టంగా ఉండేది. మాటలు దాని ఫోన్లోకి వెళ్ళిపోతే ఇంక నాతో పనేముంటుంది?

ఆ రోజు కాగితం బండిళ్ళ కోసం అనకాపల్లి వెళ్ళాను. మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలయ్యాయి. మా వైపు ఉరిమిందంటే ప్రతి ఇంట్లోనూ ప్లగ్గులు పీకేస్తారు. అద్దం మీద గుడ్డ కప్పేవాళ్ళూ ఉన్నారు. మా అత్తగారు అర్జునా ఫల్గుణా అనుకుంటూ ఫ్రిజ్జూ టీవీ అయ్యాక ఆ ఇరుకు గదిలోకీ వెళ్ళింది. కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీ పెట్టుకున్నాం. ఆవిడ దాని తీగ కూడా పీకేసింది.

సరిగ్గా ఆ వేళకి పిల్ల ఇంటికెళ్ళే బస్సులో ఉంది. బస్సు కిటకిటలాడుతోంది. తన ఊరొచ్చేసరికి బొమ్మ నొక్కింది. ఫోను పలకలేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చేతులూపింది, వెనకనుంచి ఎవరికీ కనబడలేదు. బస్సు చాలా దూరం వెళ్ళిపోయింది. ఎక్కడో దిగి ఒక బడ్డీకొట్టు చూరు కింద నిలబడితే, నలుగురు చేరి ఏ ఊరు, ఎవలమ్మాయివి అని అడిగారట. ఫోను చూపించి మళ్ళీ మళ్ళీ నొక్కిందట. అందులో ఏమీ రాకపోయేసరికి పిచ్చిదనుకున్నారు. ఒకడు దాని సైగల్ని వెక్కిరించి చూపించాడట. తల్లి వెతుక్కుంటూ వెళ్ళేసరికి పూర్తిగా తడిసి, చీకటి పడే వేళకి, రోడ్డు వెంట నడుచుకుంటూ ఎదురొచ్చింది. ఆ మర్నాటి నుంచి కుట్టు క్లాసుకి రాలేదు.

సంగతి తెలిసి ఇంటికెళ్ళి మా అత్తగారి మీద విరుచుకుపడ్డాను. ఆవిడ తెల్లబోయింది. "ఉరివితే పీకీమని నువ్వే కదే సెప్పేవు, టీవీ కాలిపోయినప్పుడు?" అంది. నిజమే. అత్త మీద కోపం దుత్త మీద చూపించారంటారు. నేను నా మీద రావాల్సిన కోపం అత్త మీద చూపించాను.

ఆదివారం వాళ్ళూరు వెళ్ళాను. తల్లి మంచం వాల్చి కూర్చోమంది. మా ఇంట్లో ప్లగ్గు పీకేసినందుకే ఫోను పలకలేదని చెప్పాను. "నీ తప్పేటుందమ్మా, పిడుగులు పడతన్నప్పుడు ఎవలైనా తీసెత్తారు" అని నన్నే ఓదార్చింది. ఆ మాటకి నేను ఇంకా కుంగిపోయాను. పిల్ల గుమ్మం దగ్గరే కూర్చుంది, నావైపు చూడలేదు. కాసేపటికి ఫోను తీసి ఒక్కొక్క బొమ్మే వెతికి నొక్కింది.

"నా." "మాటలు." "నా దగ్గర." "కావాలి."

నాలుగూ నా గొంతే. ఎంత ముద్దుగా, ఎంత మర్యాదగా చెప్పానో ఆ మాటలు. నా నోరు నన్నే అడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడే కూర్చుని మా చెల్లికి ఫోన్ చేశాను. తను ఒక్కొక్కటీ చెప్తుంటే నేను నొక్కుతూ పోయాను. తల్లి అన్నం వండి, తినమని బలవంతపెట్టేలోపు మాటలన్నీ దాని ఫోన్లోకి దిగిపోయాయి. నెట్ ఆపేసి ఇచ్చాను. పిల్ల బస్సు బొమ్మ నొక్కింది. "ఆపండి, దిగాలి" అని పలికింది. మళ్ళీ మళ్ళీ నొక్కి చూసుకుంది. ఒక పూట పని కూడా కాలేదు.

"నా మీద కోపమొచ్చిందా?" అని అడిగాను.

పిల్ల బొమ్మలన్నీ తిరగేసింది. ఒక పేజీ, ఇంకో పేజీ. ఆకలుంది. నొప్పి ఉంది. 'బాగుంది' ఉంది. థాంక్స్ ఉంది, అదైతే మొదటి పేజీలోనే ఉంది. కోపం లేదు. ఇన్నాళ్ళూ ఏయే మాటలు కావాలో నేనే ఎంచాను, దానికి కోపం కూడా వస్తుందని నాకు తోచనేలేదు. దండం పెట్టడం నేర్పాను గాని కాదనడానికి ఒక్క ముక్క ఇవ్వలేదు.

మొహం ఎర్రగా ఉన్న ఒక బొమ్మ వెతికి పెట్టాను. అలవాటు కొద్దీ ఫోను నా నోటి దగ్గరకి తెచ్చుకున్నాను. పిల్ల నా చేతిలోంచి లాక్కుని వాళ్ళమ్మకిచ్చింది.

"నానేటి సెప్తానే?" అని తల్లి సిగ్గుపడింది. పిల్ల వదల్లేదు, ఆ ఎర్ర మొహం చూపిస్తూ ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఊపింది. ఆవిడ కొంగు పక్కకి తీసి, గొంతు సవరించుకుని, "నాకు కోపవొచ్చింది" అంది. బరువైన గొంతు. పొలాల మీద కేకలేసే గొంతు.

పిల్ల ఫోను తీసుకుని నా ముందుకొచ్చి నిలబడింది. నావైపు తిప్పి నొక్కింది. నేను తలొంచుకున్నాను. తలెత్తేదాకా ఆగి మళ్ళీ నొక్కింది.