గిటారు మూతలకు మీగడ రంగు

“పొద్దువాలింది, రంగు రేపు సూద్దువు, లోపలికి రా.”

“రేపటి ఎండ గీ తీరుగ ఉంటదానే?”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. మొదటిది నాది, రెండోది మా ఆయనది. అలా అని రేకుల షెడ్డు గడప మీద కూర్చుని గోడకు ఒరిగాడు, మళ్ళీ లేవలేదు. చేతిలో చిన్న ప్లాస్టిక్ మూత ఉంది. ఇది జరిగి ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు ఏడవకుండానే చెప్పగలుగుతున్నాను.

మొన్న సుల్తానాబాదులో చుట్టాల పెండ్లికి పోతే ఆర్కెస్ట్రాలో ఒక పిల్లగాడు కరెంటు గిటారు వాయిస్తున్నాడు. దాని మూతలు చిలకపచ్చ రంగు. నేను స్టేజీ దగ్గరికి పోయి నిలబడి చూస్తుంటే మా తమ్ముని బిడ్డ వచ్చి నా కొంగు లాగింది.

“ఏందత్తా, పోరని దిక్కు గట్ల సూస్తున్నవ్, నలుగురు నవ్వరా?”

“పోరడెవనికి గావాలె, నేను మూతల దిక్కు సూస్తున్న.”

అప్పుడు అడిగింది ఆ సంగతేమిటని. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతుంటే ఆ పిల్లే రాస్తున్నది. మా వయసు వాళ్ళకు బట్ట నేసే సాంచాలు తెలుసు గాని ఈ మూతలు తెలియవు కదా, కాబట్టి చెబుతాను. కరెంటు గిటారులో తీగల కింద అయస్కాంతం, సన్న రాగి తీగె చుట్టిన చిన్న దిమ్మె ఒకటి ఉంటుంది, దాన్ని పికప్ అంటారు. తీగ వణికితే ఆ వణుకును పట్టి స్పీకరుకు పంపేది అదే. దాని మీద బోర్లించే ప్లాస్టిక్ మూత అగ్గిపెట్టె కంటే కొంచెం పొడుగు, సగం వెడల్పు, కొసలు గుండ్రం, నడుమ వరుసగా ఆరు రంధ్రాలు. మేము చేసింది ఆ మూతలే, అడిగినవాళ్ళకు అడిగిన రంగులో.

మా ఆయన చిన్నప్పటి నుంచి కరీంనగర్ దిక్కు సాంచాల మీద బట్ట నేసినవాడు. మరమగ్గాల చప్పుడు ఎట్లుంటుందో ఆ షెడ్డులో నిలబడ్డవాళ్ళకే తెలుసు, నోరు కదిలేది కనబడుతుంది గాని మాట వినబడదు. దూది పెట్టుకున్నా ఆయన చెవులు సగం పోయాయి. ఆయనకు వినపడాలని అరిచి అరిచి నా గొంతు ఇలా గరగరలాడేటట్లయింది. డాక్టరు ఒకటే చెప్పాడు, సాంచాలు మానితే ఉన్న వినికిడి ఉంటుంది, మానకపోతే అదీ పోతుంది. అప్పుడు చేత్తో నొక్కే అచ్చు మిషను తెచ్చి సాంచాలకు కావలసిన, నూలు చుట్టే ప్లాస్టిక్ కండెలు పోయడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు ఆ గిరాకీ కూడా తగ్గింది. ఆయన ముందు పనిచేసిన సాంచాల ఆసామి మాత్రం తన షెడ్డులో చోటు ఉంది, ఎప్పుడైనా రమ్మని కబురు మీద కబురు పెడుతూనే ఉన్నాడు.

గిటార్లు బాగుచేసే ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది ఆ రోజుల్లోనే. మూతలు పోసిస్తే ఊరూరికీ పంపుతానన్నాడు. మా ఆయన అచ్చు చేయించి మల్లెపువ్వుల్లాంటి తెల్ల మూతలు గుట్టగా పోశాడు. గిటారాయన వచ్చి చూసి పెదవి విరిచాడు.

“గింత తెల్లగుంటె ఎవడు కొంటడే? పాత గిటారు లెక్క ఉండాలె, మీగడ రంగు రావాలె.”

“పాతదే గావాల్నంటె నన్ను తీస్కపోయి బిగించుకో రాదు,” అన్నాడు మా ఆయన.

నవ్వుకున్నాం గాని, పోసిన మూతలు పారేయబుద్ధి కాలేదు. కొత్తగా పోయడానికి దానా, అదే ప్లాస్టిక్ గింజలు, లేదు. కూర పెట్టిన తెల్ల డబ్బా పచ్చబడితే ఎంత తోమినా పోదు కదా, ఆ తీరుగా పసుపు నీళ్ళలో నానబెట్టాం. మీగడ రంగు చక్కగా వచ్చింది. రంగు వేసిన నూలును మా ఇండ్లలో ఎప్పుడూ నీడకే ఆరేస్తారు, ఎండ చూపించరు. మూతలను కూడా అలాగే నీడకు ఆరబెట్టి ఇచ్చాం. అక్కడే దెబ్బతిన్నాం. నీడలో ఆరాయి గనుక ఎండ వాటిని ఏం చేస్తుందో మాకు తెలియలేదు. గిటారాయన ఒకటి బిగించి అంగడి అద్దాల వెనక వేలాడదీశాడు. వారం తిరగకముందే ఎండ పడిన సగం తెల్లబడింది, మిగతా సగం పచ్చగానే ఉంది. మూతలన్నీ సంచిలో తెచ్చి మా ముందు పెట్టాడు. తిట్టలేదు. ఇంకొక్కసారి చూస్తానని మాత్రం అన్నాడు.

మా ఆయన అన్నం తిని, దూది ఉండలు చుట్టి చొక్కా జేబులో పెట్టుకోవడం చూశాను. సాంచాల మీదికి పోయే రోజుల్లో చెవుల్లో పెట్టుకున్నవి అలాంటివే. నేను చాయ పెట్టి, వడపోసి, ప్లాస్టిక్ జాలిని కిటికీ మొలకు తగిలించబోతూ చూస్తే, కొన్న రోజున తెల్లగా ఉన్న ఆ జాలి మట్టిరంగుకు తిరిగి ఉంది. అది ఏండ్ల నుంచి ఆ కిటికీ ఎండలోనే వేలాడుతున్నది, అయినా చాయ రంగు వెలవలేదు. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూశాడు.

“గీ ముచ్చట మొదాలే జెప్పరాదానే?”

“మొదాలే చాయ నువ్వు కాసుంటే నీకే ఎరుకైతుండె.”

పాలు పోయని చాయను చిక్కగా కాచి, ముందు ఎండలో పెట్టి పసుపంతా పోగొట్టిన మూతలను అందులో నానేశాం. ఈసారి నీడ మాట ఎత్తలేదు. ఒక మూతను రేకుల మీద పెట్టి, సగం మీద ఇటుక పెంకు కప్పి, రోజూ పోయి చూసేవాళ్ళం. గిటారాయన వచ్చిన రోజు ఆయన ముందరే పెంకు తీశాం. ఈ సగానికీ ఆ సగానికీ తేడా లేదు. ఆయన సంచి విప్పి మూతలు అందులో వేసుకున్నాడు. మా ఆయన జేబులోని దూదితో నేను దేవునికి వత్తులు చేసుకున్నాను.

ఆ తర్వాత ఎన్ని రంగులు పోశామో. కొండగట్టులో భజన చేసే వాళ్ళ గిటారుకు అంజన్న సిందూరం రంగు, ఇంకొకరికి దొండపండు ఎరుపు, ఒక పెండ్లి పిల్లగానికి పిల్ల చీర రంగు. ఆయన మళ్ళీ సాంచాల గడప తొక్కలేదు. మిగిలిన వినికిడి ఆయన కన్నుమూసేదాకా ఆయనతోనే ఉంది.

ఇప్పుడు ఏ రంగు మూత అయినా ఫోనులో చూసి తెప్పించుకుంటున్నారట, పాతబడ్డ రంగుతో సహా. మా వాడకట్టులో సాంచాలు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏ మాటైనా మెల్లగా చెప్పుకోవచ్చు ఇప్పుడు, చెప్పుకునే మనిషే లేడు.

ఇగ రాసింది సదువు బిడ్డా. ఒర్రకు, నాకు మంచిగనే ఇనవడ్తది.