కొన్నవాడి అర్జీ

మా వీధి దర్జీ కూతురు ఒక ఫోన్ల కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీ బస్సు దొరవారిసత్రంలో ఎక్కించుకుపోతుంది. ఒక ఆదివారం మా అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపింది. చీలమండలు వాచి ఉన్నాయి.

"మా అబ్బా ఇన్నేళ్ళూ కూర్చోనే కుట్టినాడు తాతా. నేను షిఫ్టంతా నిలబడే ఉండాల. స్టూలు అడిగితే, నిలబడలేనోళ్ళు ఇంట్లో కూర్చోండి అన్నారు. నువ్వో అర్జీ రాయి. నా పేరు మాత్రం పెట్టొద్దు. ఇంకో మూడు నెలలకి పర్మినెంటు చేస్తామన్నారు."

నేను బడికి పోలేదు. ఉప్పు పండించే కొటారులో పనిచేస్తూ, పొట్లాలు విప్పిన కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. నా మొదటి అర్జీ ఆ కొటారు ఆడవాళ్ళకు ఒక తాటాకు పందిరి కోసం. ఎండ పడనివాళ్ళు ఇంట్లో ఉండండి అని అప్పటి యజమాని కూడా అన్నాడు. కొటారు పోయింది, అద్దాల గోడల ఫోన్ల కంపెనీ వచ్చింది, మాట మాత్రం అదే. ఆమె అర్జీ రాస్తుంటే కోపంలో నా కలం కాగితాన్ని రెండుచోట్ల చించింది.

లేబరు ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం ముట్టలేదు. "ఇప్పుడంతా ఫోన్లోనే పెద్దాయనా. పేరూ నంబరూ వేసి మీరే పంపుకోవాల."

నాది బటన్ల ఫోను. ఆ పిల్ల కాళ్ళు చూసినరోజే, కొత్త రకం ఫోను చచ్చినా కొననని వీధిలో నలుగురి ముందు అన్నాను. గుమాస్తా మాటా, నా పంతమూ ఆమెకు చెబితే నవ్వింది.

"నువ్వు కొనకుంటే మాకు స్టూలు వేస్తారా? ఒక ఫోను తగ్గిందని వాళ్ళకి తెలియను కూడా తెలీదు. నీ పంతానికి నా కాళ్ళ వాపు దిగుతుందా తాతా?"

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోనాడు, వాళ్ళ కంపెనీలో తయారయ్యే రకం పేరు ఆమెనే అడిగి రాసుకుని గూడూరు వెళ్ళాను.

మా కాలంలో వల కొన్నా చెప్పులు కొన్నా, ఎవరి చేతి పని అని అడిగేవాళ్ళం. చెడిపోతే వాళ్ళింటికే వెళ్ళేవాళ్ళం. వాళ్ళ పొయ్యి వెలుగుతోందో లేదో కూడా అప్పుడు కంటపడేది. అలవాటుకొద్దీ షాపులో అదే అడిగాను.

"కంపెనీది సార్."

"కంపెనీకి చేతులుంటాయా నాయనా?"

"ఏడాది వారంటీ ఉంది సార్," అన్నాడతను.

మళ్ళీ ఆదివారం నేను అర్జీ చెబుతుంటే ఆమె నా కొత్త ఫోనులో కొట్టింది. నా పేరు, నా నంబరు వేశాం. తర్వాత ఒక గడి వచ్చింది: సంస్థతో మీకున్న సంబంధం. ఆమె వేలు ఆగిపోయింది.

"బంధువని పెడితే నన్ను పట్టేస్తారు తాతా."

"ఇతరులు అని ఉందిగా, అది నొక్కు. పక్కన రాయి, కొన్నవాడిని అని."

ఆమె నా మొహంలోకి చూసి, అలాగే రాసి పంపింది. లేచి వెళ్తూ, "బిల్లు పారేయొద్దు. రుజువు అడుగుతారు," అంది.

బిల్లును ట్రంకుపెట్టెలో తాటాకు పందిరి అర్జీ నకలు పక్కన పెట్టాను. జవాబు ఇంకా రాలేదు. రోజూ ఆమె బస్సు దిగి ఇంటికి పోతూ మా అరుగు వైపు చూస్తుంది. రాలేదని నేను తల అడ్డంగా ఊపుతాను. ఆమె చెప్పులు చేత పట్టుకుని నడిచిపోతుంది.