గుండీలత్తయ్య వంగనారు

మా పక్కింటావిడను వీధంతా గుండీలత్తయ్య అంటారు. మెట్లకింద గదిలో నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్న మనిషి. ఆవిడ కొంగు దులిపితే రెండు గుండీలైనా రాలతాయి. మేం అత్తయ్యా అంటాం కాబట్టి వీధిలో మగవాళ్ళందరం ఆవిడకు అల్లుళ్ళమే. అల్లుళ్ళకు జరగాల్సిన మర్యాద మాత్రం ఇంతవరకు ఎవరికీ జరగలేదు.

ఏటా ఆవిడ డాబా మీద కూరగాయల నారు పోస్తుంది. గింజల్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి ఉంచుతుంది. వాడిపడేసిన టీ కప్పుల అడుగున వేడి సూదితో చిల్లులు పొడిచి, జల్లించిన మట్టీ ఇసుకా మాగిన ఎరువూ కలిపి నింపుతుంది. గింజను మరీ లోతుగా పెట్టనివ్వదు. "అన్ని మెట్లెక్కి పైకి రావాలంటే దానికి మాత్రం ఆయాసం రాదూ?" అంటుంది. నాలుగాకులు రాగానే నారు ఇంటింటికీ పంచుతుంది. మా వీధిలో ఉడికే కూరల్లో సగం ఆవిడ చేతి కప్పుల్లో పుట్టినవే. అందుకు బదులుగా మేం చేసేదల్లా ఆ కప్పులు తిరిగివ్వడం, అదీ రెండుసార్లు అడిగించుకున్నాక.

రెండేళ్ళ కిందట ఆవిడ కంట్లో శుక్లం తీయించుకోవడానికి కూతురింటికి బయలుదేరింది. అప్పుడే నారు రెండాకులేసి ఉంది.

"పదిరోజులు కాస్త చూస్తావా అల్లుడూ? పైనుంచి నీళ్ళు పోయకు. పళ్ళెంలో పోస్తే మట్టే తాగుతుంది," అంది.

నేను ఆఫీసులో రికార్డు గది చూసేవాణ్ణి. పద్ధతైన మనిషినని పేరు. ఆ పేరు మా ఇంటి గుమ్మం దాటి లోపలికి ఎప్పుడూ రాలేదు.

"ఆయనకి సర్దే జబ్బుంది అత్తయ్యా. ఆలోచించుకుని ఇవ్వండి," అంది మా ఆవిడ.

ఆవిడ నవ్వి తాళం నా చేతిలో పెట్టింది.

మూడు రోజులు బుద్ధిగానే ఉన్నాను. నాలుగోరోజు కప్పులు పరీక్షగా చూస్తే ప్రతిదాంట్లోనూ మట్టికొట్టుకుపోయిన గుండీ ఒకటి కనిపించింది. కొంగులోంచి జారిపడ్డాయి పాపం, అనుకున్నాను. ముప్ఫై ఆరు కప్పుల్లోనూ లెక్కగా ఒక్కొక్కటే ఎలా జారిపడిందని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. నాకు ఆలోచన సర్దడం అయ్యాక గానీ రాదు. గుండీలన్నీ ఏరి, సబ్బుతో కడిగి, రంగులవారీగా డబ్బాలో పెట్టాను. అంతటితో ఆగినా బాగుండేది. కప్పుల్ని కూడా బడిపిల్లల్లా పొట్టివి ముందు, పొడుగువి వెనక నిలబెట్టాను.

పదకొండో రోజు అత్తయ్య నల్లద్దాలతో డాబా ఎక్కింది. నారు ఏపుగా ఉంది. నేను మెప్పుకోసం నిలబడ్డాను.

"తెల్ల గుండీల కప్పులేవి?"

"గుండీలన్నీ కడిగి పెట్టానత్తయ్యా." డబ్బా మూత తీసి చూపించాను.

ఆవిడ డబ్బా వైపు చూసింది, కప్పుల వైపు చూసింది, నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుంది. అప్పుడు తెలిసింది నాకు, కాగితం మీద రాస్తే తడికి చెరిగిపోతుందని ఆవిడ గుండీలు గుర్తు పెడుతుందని. టమాటా, మిరప ఆకు చూసి చెప్పొచ్చు. వంగ మాత్రం ఇరవైనాలుగు కప్పులు, మూడు రకాలు. ఆ వయసులో మూడింటికీ ఒకటే మొహం.

"పొడుగు వంకాయా, పచ్చ వంకాయా పోతే పోనీ, ఎక్కడైనా దొరుకుతాయి," అంది అత్తయ్య. "తెల్ల గుండీవి మా అత్తగారి గింజలు. గుండ్రంగా, మీగడరంగు మీద ఊదా గీతలతో కాస్తుంది. నిరుడు సీసాలో పురుగుపడింది. బాగున్నవి ఏడే మిగిలాయి. ఏడూ పెడితే నాలుగు మొలిచాయి."

నేను ఏదో అనబోయాను. ఆవిడ వినలేదు.

"ముప్ఫై ఏళ్ళలో ఆవిడ నన్నొక మంచిమాట అన్లేదు. నేను కుట్టిన జాకెట్టు తొడుక్కుంటూనే దానికి వంకలు పెట్టేది. పోయేముందు ఆ సీసా నాకిచ్చి, నీ చేతికి మొలుస్తాయిలే, అంది. అదొక్కటే అంది."

తిడితే బాగుండుననిపించింది.

అత్తయ్య డాబా మీద ఆరు మొక్కలకే చోటుంది. మిగతా పద్దెనిమిదీ ఎప్పటిలా ఇళ్ళకు పోవాలి. "ఇచ్చిన మొక్కల్లో సగం మీరంతా చంపుతారు. ఈసారి ఒక్కటీ చావకూడదు. ఎందుకో ఇంటింటికీ నువ్వే చెప్పు," అంది. అదే నాకు పడిన శిక్ష.

పద్దెనిమిది గుమ్మాల్లో నిలబడి పద్దెనిమిదిసార్లు నా తెలివి వర్ణించుకున్నాను. పై అంతస్తు మాస్టారు రెండుసార్లు చెప్పించుకుని, లోపల్నుంచి భార్యను పిలిచి మూడోసారి చెప్పించారు. మూడు నెలలపాటు సాయంత్రం సాయంత్రం తిరిగాను. నన్ను చూడగానే, "వంకాయల ఇన్‌స్పెక్టరుగారొచ్చారు, కుర్చీ వెయ్యండి," అనేవారు. నవ్వినా, ఆ ఏడు ఎవరూ మొక్కకు నీళ్ళు మర్చిపోలేదు. ఊరెళ్ళినవాళ్ళు కుండీని ఎదురింట్లో అప్పజెప్పి వెళ్ళారు. మాస్టారి మనవరాలు వేరు ఎంత పెరిగిందో చూద్దామని మొక్కను పీకి, మళ్ళీ నాటి, ఏడుస్తూ వచ్చి నాతో చెప్పింది. దానికి నామీద ఉన్న నమ్మకానికి నేనే బిత్తరపోయాను.

కాయలు మొదలయ్యాయి. అత్తయ్య డాబా మీద ఆరూ తేలిపోయాయి: నాలుగు పొడుగువి, రెండు ఆకుపచ్చవి. వీధిలో ఐదు మొక్కలు తెగులొచ్చి పోయాయి. తక్కినవి ఒక్కొక్కటే పొడుగో పచ్చదో కాసి నా ఆశ తగ్గించాయి. అత్తయ్య అడగడం మానేసింది. నేను చెప్పడమూ మానేశాను.

మిగిలింది వీధి చివర ఇస్త్రీ ఆయన మొక్క. పగిలిన బకెట్లో, ఇస్త్రీ బల్ల నీడన, ఎండ చాలక అన్నిటికంటే వెనకపడింది. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తుంటే ఆయన చెయ్యి ఊపాడు.

"గీతల కాయ అన్నారు కదండీ. ఇదేనేమో చూడండి. పొద్దున కోసేద్దామని మా ఆవిడ కత్తి కూడా తెచ్చింది. మీరు తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి వద్దన్నాను."

నేను పరుగెత్తాను. నా వయసులో పరుగు చూడ్డానికి బాగుండదు, వీధి వీధంతా చూసింది.

అత్తయ్య కొత్త కంటితో వంగి చూసింది. కాయను ముట్టుకుని, "అదే," అంది. కాసేపు వంగే ఉంది.

గింజ కోసం ఆ కాయ పండి పసుపుబారేదాకా ఉంచాలి. ఇస్త్రీ ఆయన నెలపైగా బల్లను గోడ వారకు జరుపుకుని, ఇరుకులోనే పనిచేశాడు. ఆయన ఇంట్లోవాళ్ళు ఆ కాయ రుచి చూడకుండానే అత్తయ్య దాన్ని కోసి, పిసికి, నీళ్ళలో మునిగిన గింజల్ని గుడ్డమీద నీడలో ఆరబెట్టింది. ఈసారి సీసాలో పెట్టలేదు. పొట్లాలు కట్టి, మొక్క పోయినవాళ్ళతో సహా ఇంటింటికీ ఇచ్చింది.

"మా అత్తగారూ దాచుకుంది, నేనూ దాచుకున్నాను. మీరు పదిమందీ బతికించారు కాబట్టి సరిపోయింది," అంది. మా ఇంటి పొట్లం మాత్రం నాకివ్వకుండా మా ఆవిడ చేతిలో పెట్టింది.

మరుసటేడు అందరికంటే ముందు కాసింది మా గుమ్మంలోనే. అత్తయ్య స్వయంగా వచ్చి ఆ తొలికాయ కోసి, ఎవరికివ్వాలో చెప్పింది. నేను వీధి చివరికి వెళ్ళాను. ఇస్త్రీ ఆయన దాన్ని చూసి పెట్టె పక్కకు దించాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, రెండు చేతులూ చాపి అందుకున్నాడు.