అంగుళం పొట్టి చెయ్యి

మొన్న పొద్దున్నే మా సంఘం స్త్రీల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రార్థన అంశం వచ్చింది. ఒక సహోదరి భర్త మిలిటరీలో ఎక్కడో సరిహద్దులో ఉన్నాడు, అక్కడ అతని మనసు దారి తప్పిందని ఆమెకు అనుమానం, పేరు చెప్పదలచుకోలేదు, దయచేసి ప్రార్థించండి అని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నాకు నవ్వొచ్చింది. మా కాలంలో పేరు దాచడమనే మర్యాద ఎక్కడిది? పేరూ, ఊరూ, అత్తగారి పేరూ, ఇంటి గుర్తులతో సహా దేవుడికి విన్నవించేవాళ్లు, లేకపోతే ఆయనకు అడ్రసు దొరకదేమోనన్నట్టు. అయితే పేరు లేని మనిషికి లేచి నిలబడి బదులు చెప్పే వీలుండదు కదా అని కూడా అనిపించింది. నేను చెప్పాను. ఎలా చెప్పానో నా ఈడువాళ్లకైనా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

నన్ను ఇచ్చింది రావల్‌కోల్ దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో, మిలిటరీ డ్రైవరుకు. ఏడాదికి రెండు నెలలు సెలవు, మిగతా పది నెలలూ ఇన్‌ల్యాండ్ కవర్లు. ఆయన అస్సాం అవతలి కొండల్లో ఉంటే నేను అత్తనూ, నడక నేర్చిన నా బిడ్డనూ చూసుకుంటూ, మేడ్చల్ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి, కుత్బుల్లాపూర్ దగ్గర చొక్కాలు కుట్టే కార్ఖానాకు పోయేదాన్ని. నా పని చేతులు అతకడం. రోజంతా చొక్కా చేతులే చూసీ చూసీ, దారిన పోయే మనిషి మొహం కంటే ముందు భుజం నుంచి మణికట్టు దాకా కొలత నా కళ్లకు కనపడేది. ఇప్పటికీ పెళ్లిళ్లలో పెళ్లికొడుకు కోటు చేతులే చూస్తానని నా కూతురు దెప్పుతుంది.

మా ఆయనకు ఉద్యోగంలో ఒకసారి బండి బోల్తా పడి ఎడమ మోచెయ్యి విరిగింది. అతికింది కానీ పూర్తిగా చాపలేడు. చూసేవాళ్లకు తెలియదు, కన్నతల్లికే తెలియదు, కానీ కుట్టేదానికి తెలుస్తుంది. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి అంగుళం తక్కువ పెట్టి కుట్టేదాన్ని. అది మా ఇద్దరి మధ్య విషయం అనుకునేదాన్ని, అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక ఏడాది క్రిస్మస్ సెలవుకు వచ్చినప్పుడు ఆయన ట్రంకుపెట్టెలో చేత్తో అల్లిన బూడిదరంగు స్వెట్టరు ఉంది. ఎక్కడిదంటే బజార్లో కొన్నానన్నాడు, నేనూ సరే అనుకున్నాను. సెలవు అయిపోయే ముందు దాన్ని ఉతికి, నులకమంచం మీద ఆరేసి, అలవాటుకొద్దీ రెండు చేతులూ జత కలిపి చూశాను. ఎడమది అంగుళం పొట్టి. బజార్లో అమ్మే స్వెట్టరుకు ఎవరి మోచెయ్యి ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? ఎవరో ఆ చేతిని పట్టుకుని కొలిచారు, లేదా కొలవనవసరం లేనంతగా ఎరుగుదురు. అడగాల్సింది, అడగలేదు. అడిగితే అవునంటాడేమోనన్న భయం. రెండు రోజులకు ఆయన రైలెక్కాడు, స్వెట్టరు తొడుక్కునే వెళ్లాడు.

మనసులో పెట్టుకోలేక ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాను. నాదే పొరపాటు. ఆమె మంచిదే, నన్ను పొదివి పట్టుకుని తనూ ఏడ్చింది. బుధవారం స్త్రీల ఉపవాస కూటంలో మోకాళ్లూని, కళ్లు మూసుకుని, అందరికీ వినపడేలా నా పేరుతో మొదలుపెట్టి, మా ఆయన పేరూ, పరాయి స్త్రీ సంగతీ, స్వెట్టరుతో సహా ప్రభువు ముందు పెట్టింది. కొంపలోని మాట వీధిలో చెబితే చాడీ అవుతుంది గానీ కళ్లు మూసుకుని చెబితే కాదని మావాళ్ల నమ్మకం. గొంతులన్నీ కలిసి ఆమేన్ అన్నాయి. అందులో మా అత్త గొంతు లేదు. తన కొడుకు సంగతి ఆమె కూడా అప్పుడే, అందరితోపాటే వింది.

ఇంటికొచ్చాక అత్త పొయ్యి ముందు కూర్చుని, నా మొహం చూడకుండా అన్నది: "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది బిడ్డా. గింత జెప్పుకుంటరా ఎవరన్న?" వారం తిరక్కుండానే మాట మేడ్చల్ చేరి, అక్కణ్ణించి శామీర్‌పేట సంతకూ పోయింది. పోయేకొద్దీ మా ఆయనకు అక్కడ ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు. బస్సులో ఆడవాళ్లు లేచి నాకు సీటు ఇవ్వడం మొదలుపెట్టారు. తిట్లు పడగలను గానీ ఆ జాలి నాకు ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టుండేది.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచాను. నా పెనిమిటి సంగతి ఆయన్ని నేనింకా అడగలేదనీ, నేను అడిగేదాకా ఎవరూ ఏడవనక్కర్లేదనీ, నాకోసం ప్రార్థించాలనుకునేవాళ్లు ముందు నన్నడగాలనీ చెప్పి కూర్చున్నాను. పాస్టరయ్య గబగబా పాట ఎత్తుకున్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, మరుసటి వారం నన్ను పాటల బృందంలోంచి తీసేశారు. నేను ప్రతి ఆదివారం ముందు చాప మీదే కూర్చుని, వాళ్లకంటే గట్టిగా పాడాను.

ఆ తర్వాత ఆయనకు ఉత్తరం రాశాను. క్షేమసమాచారాలు కూడా లేవు. నీ స్వెట్టరు ఎడమ చెయ్యి అంగుళం పొట్టిగా ఉంది, కొలత ఎవరు తీసుకున్నారు, అంతే. జవాబుకు నెల దాటింది. ఆ నెలలో నేను ఎన్ని చేతులు తప్పుగా అతికానో, ఎన్నిసార్లు కుట్లు విప్పానో కార్ఖానా మేస్త్రికి తెలుసు. చివరికి వచ్చిన కవరులో నాలుగు వరసలు. అబద్ధం రాద్దామని మూడు కాగితాలు చింపాడట. నా అనుమానం నిజమేనట, ఇప్పుడా సంబంధం అయిపోయిందట, ఫ్యామిలీ క్వార్టర్సుకు రాసుకున్నాను వస్తావా అని. అనుమానం నిజమైతే ప్రాణం పోతుందనుకున్నాను. పోలేదు, అన్నం కూడా తిన్నాను. కోపం మాత్రం ఏళ్ల తరబడి ఉంది.

మళ్లీ సెలవుకు ఆయన వచ్చినప్పుడు పాస్టరయ్య మమ్మల్నిద్దరినీ సంఘం ముందుకు పిలిచాడు. చేతులు కలిపి, నేను క్షమించానని చెబితే అందరూ సంతోషించి ఇళ్లకు పోవచ్చు. ఆయన తలవంచుకుని ముందే వెళ్లి నిలబడ్డాడు. నేను చాప మీంచి కదల్లేదు.

"తప్పు జేసింది నా కాడ. మాఫీ గూడ నా కాడనే అడగాలె. గీడ గాదు," అన్నాను. ఆ మాట చర్చి చివరిదాకా వినపడింది.

లేచి బయటికి నడిచాను. వెనక ఎవరో వస్తున్న చప్పుడైతే తిరిగి చూశాను. నా బిడ్డను చంకనేసుకుని అత్త. చింతచెట్ల దాకా వచ్చాక అన్నది: "మీ మామను నేను గూడ అడుగుదామనుకున్న. నోరు రాలే." ఆ రోజు నుంచి అత్తా నేనూ ఒక జట్టు. ఆ సెలవంతా ఆయన మంచం వసారాలోనే వేసింది, నేను కాదు, ఆయన తల్లే.

క్వార్టర్సుకు నేను పోలేదు. నా కార్ఖానా ఉంది, నా అత్త ఉంది, రావాల్సినవాడు నువ్వు అన్నాను. సర్వీసు అయ్యాక వచ్చాడు, శామీర్‌పేటలో స్కూలు బస్సు నడిపాడు. ఇద్దరం చాలా ఏళ్లు కలిసి బతికాం, నవ్వుకున్నాం కూడా. పాస్టరమ్మ మాత్రం కనపడినప్పుడల్లా, ఇంకా క్షమించలేదా చెల్లె, అని అడిగేది. చెప్పను పొమ్మనేదాన్ని.

నిజానికి క్షమించాను. ఒక మామూలు మధ్యాహ్నం, అనపకాయలు వలుచుకుంటూ, ఆయనకే చెప్పాను. ఆయన చేతిలో కాయ వలుస్తూనే చాలాసేపు ఏడ్చాడు. అది ఏ ఏడాదో, ఎందుకు ఆ రోజే చెప్పానో సంఘంలో ఎవరికీ తెలియనివ్వలేదు.

ఇప్పుడు ఆయన లేడు, అత్త లేదు, పాస్టరమ్మ కూడా పోయింది. మా ఊరి పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. నేను తూంకుంటలో కూతురి ఫ్లాటులో ఉంటున్నాను. పక్క ఫ్లాటువాళ్లు మర్యాదస్తులు, ఎదురైతే నవ్వుతారు, ఏమీ అడగరు. మా ఆయన ఏం చేసేవాడో కూడా వాళ్లకు తెలియదు. ఒకప్పుడు ఇలాంటి చోటు కోసమే ఏడ్చాను. ఇప్పుడేమో ఒక్కోసారి, ఆ కూటంలోని ఆడవాళ్లలో ఒక్కరైనా తలుపు కొట్టి, ఇంతకీ క్షమించినవా లేదా అని నిలదీస్తే బాగుండనిపిస్తుంది. చెప్పనని మొండికేయడానికైనా అడిగే మనిషి ఉండాలి కదా.