వాడి వెనక చక్రం

పన్నెండేళ్లు ప్రతి ఆదివారం సైకిల్ తొక్కాను గానీ, ఒక్కనాడూ రోడ్డు చూడలేదు. నేను చూసిందల్లా నా స్నేహితుడి వెనక చక్రమే. వాడు ముందు, నేను వెనక. గుంత వస్తే "గుంత" అని, స్పీడ్ బ్రేకర్ వస్తే "హంపప్పా" అని అరిచేవాడు. బెంగళూరులో ఆ రెండూ లేని రోడ్డు తక్కువ కాబట్టి, జిగణి దాకా పోయి వచ్చేలోగా వాడి నోటికి విశ్రాంతి ఉండేది కాదు. ఇల్లు చేరగానే వదిన, అంటే వాడి భార్య, ఉప్పు వేసిన వేడినీళ్లు పుక్కిలించమని వాడికిచ్చి, "సైకిల్ తొక్కేకి పోతావా, అరిచేకి పోతావా?" అనేది. నేను పక్కన కూర్చుని కాఫీ తాగుతూ నవ్వేవాణ్ణి. వాడి గొంతే నాజూకు అనుకునేవాణ్ణి.

పోయిన ఏడాది వాడు కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. డయాలసిస్ చేయించుకునే పేదలకు చందాలు పోగుచేసే సైకిల్ యాత్ర ఒకటుందని తెలిసి, వాడి జ్ఞాపకంగా తొక్కుతానన్నాను. బొమ్మసంద్ర నుంచి కృష్ణగిరి దాటి వెనక్కి, ఒక్కరోజులో రెండు వందల కిలోమీటర్లు. అందరికీ గొప్పగా చెప్పుకున్నాక గుబులు పట్టుకుంది. సగంలో దిగిపోతే వదిన ముందుకు ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

తెల్లవారుతుండగా బయలుదేరాం. హోసూరు చేరకముందే గుంతలో పడ్డాను. మోచేయి గీరుకుపోయింది. గుంత దూరం నుంచే కనబడేంత పెద్దది. నేనేమో ఎవరో ఒకరు చెబుతారులే అన్నట్టు తొక్కుతున్నాను. రోడ్డు పక్కన కూర్చుని వాడి మీద కోపం తెచ్చుకున్నాను. చచ్చిపోయినందుకు కాదు, నన్నింత చేతకానివాణ్ణి చేసి పోయినందుకు.

ఆ తర్వాత తలెత్తి తొక్కాను. తిరుగుదారిలో ఎండ మాడ్చేస్తుంటే, అలసిపోయిన ముగ్గురు నా వెనక చేరారు. ముందొకడుంటే ఎదురుగాలి కాస్త తగ్గుతుంది. ముగ్గురి తలలూ వాలిపోయి ఉన్నాయి, చూపు నా చక్రం మీద. ముందు గుంత కనబడింది. చెయ్యి చూపిస్తే చూసేలా లేరు. "గుంత" అని అరిచాను. ఇక ఆపలేదు. లారీల రొదలో వినబడదేమోనని గొంతు చించుకున్నాను. తొడలు పట్టేసి దిగిపోదామనుకున్న చోట కూడా, వెనక ముగ్గురున్నారని దిగలేదు. హోసూరు వచ్చేసరికి గొంతు మండుతోంది. వాడి గొంతు నాజూకేమీ కాదని అప్పుడు తెలిసింది. తొక్కుతూనే ఏడ్చాను.

సాయంత్రం బొమ్మసంద్రలో చివరి గీత దాటాను. వదిన వచ్చి నిలబడి ఉంది.

"ముగిసిందా అప్పా? రోడ్డు ఎట్లుండాది?" అంది.

చెబుదామని నోరు తెరిచాను. గాలి తప్ప మాట రాలేదు.

"ముందర తొక్కినావా?" అంది. తలూపాను.

నా కోసం ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. దాన్ని కింద పెట్టేసి, కళ్లు తుడుచుకుంటూ పక్కనున్న టీ బండి దగ్గరికి పోయి, ఒక గ్లాసు వేడినీళ్లు, కాస్త ఉప్పు అడిగింది.