వంతెన అవతలి ఊరు

పోయిన నెల వైట్‌ఫీల్డ్‌లో వీడియో గేములు తయారుచేసేవాళ్ళ సభ జరగబోతోందనీ, అందులో మా పాత యజమాని నిజాయితీగా ఆట తయారుచేయడం గురించి మాట్లాడతాడనీ ఫోనులో చూసినప్పుడు, తాగుతున్న కాఫీ పక్కన పెట్టి చాలాసేపు నవ్వాను. అది సంతోషపు నవ్వు కాదని కనిపెట్టిన మా ఆవిడ, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగింది.

ఆటను డిస్కులో కొని ఇంటికి తెచ్చుకునే రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. డిస్కులో ఏముంటే అదే ఆట. మర్నాడు సరిచేసి పంపడానికి ఇప్పటిలా దారి లేదు. ఆ రోజుల్లో హూడిలో ఒక బేకరీ పైన రెండు గదుల్లో మేము నలుగురం కలిసి, తప్పిపోయిన పిల్ల నది మీది వంతెన దాటి తన ఊరు చేరే ఆట ఒకటి మొదలుపెట్టాం. వంతెన దగ్గర కూర్చుని ఆ పిల్లను పిలిచే అవ్వకు గొంతు ఇచ్చింది మా అక్క. అక్క ఆసుపత్రిలో నర్సు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. మా ఇంటి యాసలోనే "దాటి రా తల్లీ, నీ ఊరు అవతలే ఉండాది" అని ఆమె పలికిన ఆ ఒక్క మాట కోసం మేము ఫ్యాను ఆపుకుని, కింద బేకరీవాళ్ళను మిషను ఆపమని బతిమాలుకుని, చెమటలు కక్కుతూ రికార్డు చేశాం.

ఊరు మాత్రం అప్పటికి లేదు. ట్రైలర్ కోసం నేను గీసిన బొమ్మ ఒకటే ఉంది, దూరం నుంచి చూస్తే దీపాలు వెలుగుతూ కనబడేది. ఊరు కట్టడానికి ఇంకొంత గడువు కావాలని నేను ఎంత మొత్తుకున్నా, సిద్ధాంతి పెట్టిన ముహూర్తం తప్పితే కలిసిరాదని మా యజమాని మెట్ల దగ్గర బూడిద గుమ్మడికాయ పగలగొట్టి ఆటను విడుదల చేసేశాడు. ఆ కాయ నిజానికి నా నెత్తిన పగిలిందని తర్వాత తెలిసింది. కొన్నవాళ్ళందరూ అవ్వ మాట నమ్మి వంతెన ఎక్కడం, అవతల ఏమీ కట్టలేదు గనుక నడుమకు రాగానే నదిలో పడడం, అవ్వ మళ్ళీ పిలవడం. జనం తిట్టారు, తిట్టడం న్యాయమే. ఆయన మాత్రం, పని పూర్తయిందని చెప్పి తనను మోసగించానని పత్రికలవాళ్ళకు నా పేరు చెప్పి చేతులు దులుపుకున్నాడు.

అదైనా దిగమింగాను. కానీ మా అక్క గొంతును కత్తిరించి, వెనక వెకిలి సంగీతం తగిలించి, ఫోన్ల నుంచి ఫోన్లకు పంచుకున్నారు. ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఆమెను చూసి అదే మాటను సాగదీసి అన్నాడట. ఆ ఆదివారం ఆమె చర్చిలో వెనక బెంచీలో కూర్చుంది, మళ్ళీ ఎన్నడూ పాట ఎత్తుకోలేదు. శత్రువులను క్షమించమని పాస్టరుగారు ప్రార్థన చేయించిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుని మా యజమానిని ఆ వంతెన మీంచే కిందికి తోశాను.

సభ చివర వక్తలు తమ పాత ఆటలను పెద్ద తెర మీద ఆడి చూపాలట. ఆయన ఆట ఎవరి దగ్గరైనా మిగిలి ఉందా అని సభ జరిపేవాళ్ళు అడిగారు, నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, పాత కంప్యూటర్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, ఆటను సరిగ్గా వంతెన ముందు ఆపి ఉంచాను. ఆయన నిజాయితీ గురించి తీరిగ్గా మాట్లాడాడు, దిగివస్తూ నా భుజం కూడా తట్టాడు. తీరా కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఏది నొక్కితే పిల్ల నడుస్తుందో తెలియక నన్నే అడిగాడు. తన ఆటను ఆయన ఒక్కసారీ ఆడి చూడలేదని హాలంతటికీ అప్పుడే అర్థమైంది. మా అక్క పిలిచింది, ఆయన నడిచాడు, పడ్డాడు. మళ్ళీ పిలిచింది, మళ్ళీ పడ్డాడు. ముందు వరుసలో నవ్వులు మొదలయ్యాయి. నా కడుపు చల్లబడింది, దాచడమెందుకు.

ఆయన నా వైపు తిరిగి, చొక్కాకు మైకు ఉందన్న సంగతి మరిచి, "అవతల ఊరు ఉండాది కదప్పా?" అన్నాడు. ఇన్నేళ్ళలో తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు కాబోలు.

"లేదు సార్. మీరు కట్టనీలేదు," అన్నాను.

ఈ రోజుల్లో సగం ఆటను విడుదల చేసి, క్షమాపణ ముందే రాసిపెట్టుకుని, మిగతా సగం తర్వాత పంపుతున్నారు. నేను ఒంటరిగా చేసుకునే ఆటల్లో ఏవి లేవో కొనేవాళ్ళకు ముందే చెబుతాను. ఆ వంతెన ఆటను కూడా మళ్ళీ మొదటి నుంచి చేసి, ఈసారి ఊరు కట్టాను, ఇళ్ళూ దీపాలూ చర్చి గంటతో సహా. సభ నుంచి నేరుగా చందాపురలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పి, అవ్వ మాట ఇంకొక్కసారి పలకమని అడిగాను. "ఆయప్ప పడితే నా గొంతు తిరిగొస్తాదా?" అని, కాఫీ పెట్టడానికి లేచింది.

కొత్త ఆటలో వంతెన గట్టిగా ఉంది, అవతల ఊరూ ఉంది, అవ్వ మాత్రం చేయి ఊపి ఊరుకుంటుంది. ఆ పిలుపు వినాలనిపిస్తే నేను ఆ దిక్కుమాలిన పాత ఆటనే తెరవాలి. తెరుస్తాను, విని, వంతెన ఎక్కకుండానే మూసేస్తాను.