నవ్వకుండా దిగిన ఫొటో

ధర్మపురి నుంచి కరీంనగర్ వస్తున్న బస్సులో నా పక్కన ఒకామె చీరల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భర్త నేసిన చీరలను ఫోన్‌లో అమ్మాలనుకుంటోందట.

"షాపు పెట్ట పైసల్లేవక్కా. ఫోనే షాపు. ఇంకా ఒక్కటి గూడ అమ్ముడువోలే. జర గీ చీరె భుజమ్మీదేస్కో, ఫొటో తీస్త" అంది.

సిగ్గుపడుతూనే కొంగు సర్దుకుని నవ్వాను.

"నవ్వకక్కా! నవ్వితే నిన్నే చూస్తరు, చీరెను చూడరు."

మూతి బిగించుకున్నాను.

వారం తర్వాత మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, గ్రూపుల ఒక చీరె మస్తుగున్నది. ఏసుకున్నామె మొకం సగమే వడ్డది గని, ఆముదం తాగినట్టున్నది. అయినా ఆర్డర్ పెట్టిన."

అది నేనేనని చెప్పలేదు. మొదటి బేరం చెడగొట్టడమెందుకు?